దెబ్బకో పద్యం

మా అమ్మకి ఎడమ చెవి వినపడదు. ఇంగ్లీషు మాటలో ఒక అక్షరం అటూ ఇటూ అయినందుకు మా తాతయ్య కొట్టిన చెంపదెబ్బకి ఆ చెవి పోయింది. మా పెద్దమ్మ పద్యాలు మొదలైంది కూడా ఆ దెబ్బ దగ్గరే. అందుకని ఆవిడ గురించి చెప్పాలంటే అక్కణ్ణుంచే ఎత్తుకోవాలి.

తాతయ్య ఇంటి ముందుగదిలో ఇంగ్లీషు ట్యూషన్ చెప్పేవాడు. ఊళ్ళో ఆయన్ని బెత్తం మాస్టారు అనేవారు. అది వెక్కిరింపు కాదు, మెచ్చుకోలు. "మావాడు మొండిఘటం మాస్టారూ, తోలు లేచినా పర్వాలేదు, ఇంగ్లీషు మాత్రం రావాలి" అంటూ తల్లిదండ్రులే పిల్లల్ని చెయ్యి పట్టుకుని తెచ్చి దిగబెట్టేవారు. గదిలో రెండు పొడుగాటి బల్లలు, గోడకి నల్లబల్ల, మూలన నూనె రాసి నిలబెట్టిన బెత్తం, మేజా మీద నల్లటి రూళ్ళకర్ర. వీధివైపు కిటికీ ఎంత ఉక్కపోసినా తెరిచేవాడు కాదు. లోపలి ఏడుపులు బయటికి పోతే పిల్లలు అలుసైపోతారని ఆయన నమ్మకం.

జంటపదాలంటే ఆయనకి పిచ్చి. వినడానికి ఒకేలా ఉండి రాయడానికి వేరుగా ఉండే మాటలు, ఒక్క అక్షరం తేడాతో అర్థం తలకిందులైపోయే మాటలు. రోజూ సాయంత్రం వాటినే వాక్యాల్లో పెట్టి చెప్పేవాడు, పిల్లలు పలకల మీద రాయాలి. తప్పుకో దెబ్బ. తన ఇద్దరు కూతుళ్ళకి మాత్రం తప్పుకి రెండు. మాస్టారు సొంత పిల్లల్ని వెనకేసుకొస్తాడని ఎవరూ అనకూడదు కదా.

ఆ సాయంత్రం ఆయన "ప్లీజ్ కీప్ క్వయెట్" అని చెప్పాడు. దయచేసి నిశ్శబ్దంగా ఉండండి అని. అమ్మ అప్పుడు చాలా చిన్నది, బల్ల మీద కూర్చుంటే కాళ్ళు నేలకి అందేవి కావు. అన్నీ సరిగ్గానే రాసింది. చివరి మాటలో 'ఈ' ముందు, 'టీ' వెనక రావాలి. అమ్మ 'టీ' ముందు రాసి 'ఈ' వెనక పెట్టింది. అలా రాస్తే అది క్వైట్ అవుతుంది. బొత్తిగా, పూర్తిగా అని అర్థం.

తాతయ్య పలక అందుకుని చూశాడు.

"ఏం రాశావో చదువు."

"ప్లీజ్ కీప్ క్వయెట్, నాన్నా."

"నాన్న లోపల. ఇక్కడ మాస్టారు. కళ్ళు పెట్టి చదువు."

అమ్మ మళ్ళీ అదే చదివింది. చెయ్యి ఎప్పుడు లేచిందో ఎవరికీ కనపడలేదట. చప్పుడు మాత్రం వినపడింది. అమ్మ పక్కకి ఒరిగి, బల్ల అంచుకి తల కొట్టుకుని కిందపడింది. చెవిలోంచి సన్నగా నెత్తురు దిగి మెడ మీదుగా గౌను కాలర్లోకి పోయింది. పిల్లలందరూ పలకల్లోకి తలలు దూర్చేశారు. తాతయ్య పలకని తడిగుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టి, తర్వాతి వాక్యం చెప్పడం మొదలుపెట్టాడు.

అమ్మమ్మ వచ్చి బిడ్డని ఎత్తుకెళ్ళింది. ఆస్పత్రిలో "మెట్ల మీంచి జారిపడిందండీ" అని చెప్పింది. మా తాతయ్య ఇంటికి గడప తప్ప మెట్లే లేవు. డాక్టరు చెంప మీద తేలిన వేళ్ళ గుర్తులు చూశాడు. చూసి, చెవిలో దూది పెట్టి, చుక్కల మందు రాసిచ్చి పంపించేశాడు.

పెద్దమ్మ అమ్మకంటే నాలుగేళ్ళు పెద్ద. చెవి నయమయ్యాక చెల్లెలికి ఆ పక్క ఏం మాట్లాడినా వినపడటం లేదని మొదట కనిపెట్టింది ఆవిడే. వినపడకపోతే తప్పులు పెరుగుతాయి. తప్పులు పెరిగితే రెండో చెవి కూడా పోతుంది. తండ్రిని ఆపడం తన వల్ల కాదు. చెల్లెల్ని తప్పు రాయకుండా ఆపాలి. దానికి బట్టీ పట్టిస్తే లాభం లేదు, భయంతో బట్టీపట్టింది భయం వెయ్యగానే ఎగిరిపోతుంది. పెరట్లో కుళాయి దగ్గర అంట్లు తోముతూ చాలాసేపు ఆలోచించి, చెల్లెల్ని కుడిచెవి వైపు కూర్చోబెట్టుకుని ఇలా పాడింది:

*ముందు ఈ, వెనక టీ — 'ఈ టీ' వేడిగా ఉంది,*
*మూతి కాలిన మామయ్య నోరు మూసుకున్నాడు.*
*ముందు టీ, వెనక ఈ — టీ తాగి 'ఈ' అన్నాడు,*
*బొత్తిగా, పూర్తిగా, పిచ్చివాడైపోయాడు!*

'ఈ' అన్నచోట పెద్దమ్మ చిగుళ్ళు కనపడేలా పళ్ళికిలించింది. దెబ్బ తిన్న తర్వాత అమ్మ మొదటిసారి నవ్వింది. నవ్వితే చెవి నొప్పెట్టింది. నొప్పెట్టినా మళ్ళీ పాడమని అడిగింది. ఈ రోజుకీ మా అమ్మ ఆ రెండు మాటలు తప్పు రాయదు.

అప్పట్నుంచీ ఏ జంటకి దెబ్బ పడితే ఆ జంటకి పద్యం కట్టడం పెద్దమ్మకి పనైపోయింది. లూజ్ అంటే పోగొట్టుకోవడం, ఒక్క 'ఓ'. లూస్ అంటే వదులు, రెండు 'ఓ'లు. ఒక కుర్రాడు దాన్ని తప్పు రాసి పిర్రల మీద వాతలు తేలేలా దెబ్బలు తిని, మర్నాడు బల్ల మీద కూర్చోలేక నిలబడి రాశాడు. వాడి కోసం కట్టింది:

*రెండు సున్నాలుంటే వదులు, జారుతోంది లాగు,*
*ఒక్క సున్నా ఊడిందా, పోగొట్టావు లాగు!*

డెజర్ట్ అంటే ఎడారి, ఒక ఎస్సు. డిజర్ట్ అంటే భోజనం చివర తినే తీపి, రెండు ఎస్సులు. దానికి ఇంకోటి:

*ఒక్క ఎస్సు ఎడారి, నాలుకెండిపోతుంది,*
*రెండు ఎస్సుల పళ్ళెంలో తీపొచ్చి పడుతుంది.*
*ఎడారిలో ఎవ్వడూ ఇంకాస్త వెయ్యమనడు,*
*తీపైతే మా అత్త గిన్నె వదిలిపెట్టదు!*

పద్యాలు ఒకరి నోట్లోంచి ఇంకొకరి నోట్లోకి పాకి బల్లలన్నీ తిరిగాయి. తప్పులు తగ్గాయి. తాతయ్య ఇది తన బెత్తం మహిమే అనుకున్నాడు. కానీ డిక్టేషన్ చెబుతుంటే పిల్లల బుగ్గలు ఉబ్బడం, ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకోవడం ఆయన కంట పడింది. ఆ గదిలో అంతకు ముందెప్పుడూ అలాంటిది చూడలేదు. ఒకరోజు 'క్వయెట్' అనగానే వెనకబల్ల మీద ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన ఆ పిల్లాడి జుట్టు పట్టుకుని లేపాడు.

"దేనికి నవ్వావు?"

"మా... మామయ్యండీ. మూతి కాలిన మామయ్య."

రెండు తగిలించేసరికి పద్యం మొత్తం బయటికొచ్చింది. ఇంకో రెండు తగిలేసరికి ఎవరు కట్టారో కూడా వచ్చింది.

తాతయ్య పెద్దమ్మని గది మధ్యకి పిలిచాడు. బెత్తం ముట్టుకోలేదు, రూళ్ళకర్ర తీశాడు.

"కవిత్వం చెబుతున్నావట. చెప్పు, మేం కూడా విని ఆనందిస్తాం. చెయ్యి చాపు. అరచెయ్యి కాదు, తిప్పు."

పెద్దమ్మ చెయ్యి తిప్పి చాపి మొదటి పాదం చెప్పింది. రూళ్ళకర్ర వేళ్ళ కణుపుల మీద పడింది. రెండో పాదం. రెండో దెబ్బ. ఒక పద్యం అయ్యాక ఇంకోటి చెప్పమన్నాడు. లాగు పద్యం దగ్గరికి వచ్చేసరికి, అంత భయంలోనూ పిల్లల్లో ఒకళ్ళిద్దరికి నవ్వు ఆగలేదు. ఏడుపూ నవ్వూ కలిసిపోయి ముక్కుల్లోంచి వింత చప్పుళ్ళు వచ్చాయి. అది విని తాతయ్యకి ఒళ్ళు తెలియలేదు. రూళ్ళకర్ర ఈసారి తలపైకి ఎత్తి దించాడు. మణికట్టు మీద పడింది. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైందని అమ్మ చెబుతుంది, కుడిచెవితో విన్నానని. పెద్దమ్మ మోకాళ్ళ మీద కూలబడి, చివరి పాదం కూడా పూర్తిచేసింది.

అప్పుడు మా అమ్మ, ఆ గదిలో అందరికంటే చిన్నది, బల్ల దిగి వెళ్ళి తాతయ్య చేతిని కరిచింది. మామూలుగా కాదు, పళ్ళు దిగిపోయేలా. ఆయన విదిలించుకుని జుట్టు పట్టుకుని నల్లబల్లకేసి కొట్టాడు. రెండోసారి కొట్టబోయేలోగా అమ్మమ్మ లోపలికొచ్చింది. చంకలో నీళ్ళ బిందె ఉంది. ఆవిడెప్పుడూ ఆయన ముందు గొంతు పెంచి మాట్లాడిన మనిషి కాదు. నిండుబిందె ఎత్తి ఆయన మీదికి విసిరింది. ఇత్తడి బిందె భుజానికి తగిలి, ఆయన రెండు బల్లల మధ్య వెల్లకిలా పడ్డాడు. నీళ్ళు, పలకలు, నెత్తురు, పిల్లలు. అమ్మమ్మ ఇద్దరు కూతుళ్ళనీ చెరో చేత్తో పట్టుకుని, ఆయన కాళ్ళ మీదుగా దాటుకుని, కట్టుబట్టలతో బయటికి నడిచింది. మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు.

అమ్మమ్మ తమ్ముడికి సైకిల్ రిపేరు కొట్టు ఉండేది. ఆ కొట్టు మీద గదిలో ముగ్గురూ పెరిగారు. కింద ఎప్పుడూ సుత్తి చప్పుళ్ళు, ఇనుము కోత. ఆస్పత్రికి వెళ్ళడం ఆలస్యమై పెద్దమ్మ మణికట్టు వంకరగా అతుక్కుంది. సుద్దముక్క పట్టుకుంటే ఇప్పటికీ చెయ్యి పక్కకి లాగేస్తుంది, నల్లబల్ల మీద ఆవిడ రాసే ఏ వరసైనా ఎడమ నుంచి కుడికి కొండెక్కుతూ పోతుంది.

టీచరు ఉద్యోగం వచ్చాక పెద్దమ్మ ఒక్కసారి తాతయ్యని చూడ్డానికి వెళ్ళింది. ఆయనకి బట్టతల వచ్చింది గానీ గొంతు తగ్గలేదు. కూర్చోమనకుండానే ఆవిడ చేతివంక చూశాడు.

"నేనలా కొట్టబట్టే ఇంగ్లీషు టీచరువయ్యావు. ఒప్పుకుంటావా?"

"లేదు నాన్నా. మీరు కొట్టారని కాలేదు. చెల్లి నవ్విందని అయ్యాను."

ఆయన వార్తాపత్రిక మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పెద్దమ్మ వచ్చేసింది. తర్వాత ఆయన పోయారని కబురొస్తే అక్కాచెల్లెళ్ళిద్దరూ వెళ్ళారు, అమ్మమ్మ వెళ్ళలేదు.

పెద్దమ్మ పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే "ఒక మగాడి దెబ్బలు చాలవా ఏంటి, ఇంకొకణ్ణి వెతుక్కోనా" అని నవ్వేసేది. రెండు మూడు బడుల్లో పనిచేసింది. పిల్లల్ని కొట్టనంటే ఒక బడిలో తీసేశారు, ఇంకో బడిలో పక్క క్లాసు పంతులు కొడుతుంటే బెత్తం లాక్కుని విరిచి కిటికీలోంచి పారేసిందని తీసేశారు. చివరికి ఒక సెక్యూరిటీ కంపెనీవాళ్ళు పిలిచారు. బ్యాంకులకీ, ఆస్పత్రులకీ, పెద్దపెద్ద కొట్లకీ గేటు దగ్గర కాపలా మనుషుల్ని పంపే కంపెనీ అది. వాళ్ళకి నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్పాలి, బోర్డులు చదవడం రాయడం రావాలి.

ఊరి చివర రేకుల షెడ్డు, ముందు కంకర పరిచిన మైదానం. పొద్దున లాఠీ తిప్పడం, మధ్యాహ్నం ఇంగ్లీషు. ఆరడుగుల మనుషులు చిన్నపిల్లల బల్లల్లో మోకాళ్ళు ఇరికించుకుని కూర్చునేవారు. మా పెద్దమ్మ నిలబడితే వాళ్ళు కూర్చున్న ఎత్తుకి ఒక జాన ఎక్కువ, అంతే. మొదటిరోజే లాగు పద్యం పాడింది. షెడ్డు రేకులు అదిరిపోయాయట.

వాళ్ళలో ఒకడిని అందరూ గున్న అనేవారు, ఏనుగుపిల్లలాంటి ఒళ్ళు. గొంతు మాత్రం పిల్లిపిల్లది. అక్షరాలు వాడికి ఒక పట్టాన ఎక్కేవి కావు. రాస్తుంటే చెమటలు కారేవి. "టీచరమ్మా, లాఠీ తిప్పమంటే రోజంతా తిప్పుతా. ఈ పెన్సిలే తిరగదు" అనేవాడు. పద్యమైతే ఒక్కసారికే పట్టేసేవాడు. మిగతావాళ్ళకి గొంతెత్తి పాడి వినిపించేది కూడా వాడే.

మైదానంలో వాళ్ళని తయారుచేసేది డ్రిల్లు మాస్టారు. నుదుటి మీంచి చెవి దాకా పాత కోత మచ్చ. ఒకప్పుడు ఏదో ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉంటే జనం మీద పడి చావబాదారట, తనతో ఉన్నవాళ్ళు తలుపు వదిలేసి పారిపోయారట. దెబ్బకి ఓర్చుకోలేనివాడు గేటు వదిలేస్తాడని ఆయన లెక్క. అందుకని దెబ్బలు ముందే అలవాటు చేసేవాడు. నడుముకి వెడల్పాటి తోలుబెల్టు, దానికి ఇత్తడి బకిలు. వరసలో ఎవరి కాలైనా తప్పు పడితే బెల్టు ఊడదీసి బకిలు వైపుతో కొట్టేవాడు. కుర్రాళ్ళ వీపులు చొక్కాలకి అంటుకుపోయి ఉండేవి. పెద్దమ్మ మేనేజరుకి చెప్పింది. "ఆయన పద్ధతి ఆయనది, మీ పద్ధతి మీది, అమ్మా" అన్నాడు మేనేజరు.

ఆ వారం యాక్సెప్ట్, ఎక్సెప్ట్ చెప్పింది పెద్దమ్మ. ఒకటి పుచ్చుకోవడం, ఒకటి తప్ప అనడం. గేటు దగ్గర ఈ రెండూ తారుమారైతే కొంపలంటుకుంటాయి.

*'ఏ' ఉంటే పుచ్చుకో, ఏది ఇచ్చినా తీసుకో,*
*ఎక్సు కొడితే తప్పు, ఎక్సు ఉంటే తప్ప.*
*అందరూ లోపలికి అడుగు పెట్టవచ్చు,*
*మా అత్త మొగుడొక్కడు మాత్రం తప్ప!*

"అత్త మొగుడంటే మామయ్యే కదా టీచరమ్మా, మూతి కాలినాయన!" అని ఎవరో అరిస్తే మళ్ళీ నవ్వులు. ఆ నవ్వులు మైదానంలో ఒంటరిగా నిలబడ్డ డ్రిల్లు మాస్టారికి వినపడ్డాయి.

మర్నాడు ఆయన గున్నని పిలిచి, పలకబోర్డు ఇచ్చి, 'సిబ్బంది తప్ప ఎవరూ రాకూడదు' అని ఇంగ్లీషులో రాయమన్నాడు. అందరూ వరసలో నిలబడి చూస్తున్నారు. గున్నకి పద్యం నోటికి వచ్చు. కానీ ఆయన బెల్టు మీద చెయ్యి వేసుకుని పక్కనే నిలబడేసరికి, పద్యమూ పోయింది, ఎక్సూ పోయింది. యాక్సెప్ట్ అని రాశాడు.

"చూశారా మీ పాటల చదువు" అని డ్రిల్లు మాస్టారు బెల్టు ఊడదీశాడు.

మొదటి దెబ్బ వీపు మీద. రెండోది మెడ మీద. మూడోదానికి గున్న ముందుకి తూలాడు. నాలుగోది చెవి పక్కన పడి, చెవితమ్మె చీలి నెత్తురు కారింది. వాడు చేతులు అడ్డం పెట్టుకోలేదు. పెట్టుకుంటే మొదట్నుంచీ మళ్ళీ మొదలవుతుందని వాళ్ళందరికీ తెలుసు.

షెడ్డులో సుద్దముక్కలు సర్దుకుంటున్న పెద్దమ్మకి ఆ చప్పుడు వినపడింది. బయటికొచ్చి చెవి పక్కన నెత్తురు చూసింది. చెప్పులు కూడా వేసుకోకుండా కంకర మీద పరిగెత్తింది.

"ఆపండి! చెవి మీద కొట్టకండి, చెవి పోతుంది!"

"పక్కకి తప్పుకోండి టీచరుగారూ."

"తప్పుకోను."

ఆవిడ గున్నకి ముందు నిలబడింది. ఆయన ఆవిణ్ణి కొడదామని కొట్టాడో, అప్పటికే లేచిన చెయ్యి ఆగలేదో, అది తర్వాత కోర్టులో కూడా తేలలేదు. బకిలు ఆవిడ దవడ మీద పడింది. నోట్లోంచి నెత్తురూ, దాంతోపాటు పళ్ళూ కంకర మీద రాలాయి. పెద్దమ్మ పక్కకి పడిపోయింది.

గున్న బెల్టు పట్టుకుని లాగాడు. డ్రిల్లు మాస్టారు దాంతోపాటు వచ్చి వాడి గుండెల మీద పడ్డాడు. వాడు ఆయన్ని ఎత్తి నేలకేసి కొట్టాడు. అంతే, వరస వరసంతా కదిలింది. ఇన్నాళ్ళూ వీపుల మీద పడ్డదంతా ఒక్కసారి చేతుల్లోకి వచ్చింది. ఏ తిప్పడం ఆయనే నేర్పాడో అదే తిప్పడంతో లాఠీలు ఆయన మీద పడ్డాయి. పక్కటెముకల మీద, మోకాళ్ళ మీద, మొహం మీద. ఆయన మొదట బూతులు తిట్టాడు, తర్వాత అమ్మని పిలిచాడు, తర్వాత అదీ ఆగిపోయింది. ఎవరో ఒకడు కొడుతూ కొడుతూ లాగు పద్యం అరుస్తున్నాడు, పాదానికో దెబ్బ.

ఆ మాట చెప్పేటప్పుడు పెద్దమ్మ ఇప్పటికీ కళ్ళు మూసుకుంటుంది. "నా నోట్లో పుట్టిందే వాడి నోట్లోంచి అలా వస్తుంటే, నా పళ్ళు పోయిన నొప్పి కూడా తెలియలేదే" అంటుంది.

"ఆపండ్రా" అని అరిచింది. నోట్లో నెత్తురు నిండి మాట బయటికి రాలేదు. మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళి వాళ్ళ కాళ్ళ మధ్యలోంచి దూరి డ్రిల్లు మాస్టారి మీద అడ్డంగా పడుకుంది. ఆవిడని చూసేలోపే ఒక లాఠీ ఆవిడ భుజం మీద పడింది. చాలామంది చూసి ఆగారు. గున్న ఆగలేదు. వాడి కళ్ళకి ఏమీ కనపడటం లేదు. ఆవిడ భుజం పట్టుకుని పక్కకి లాగి, ఆయన తల మీదికి మళ్ళీ లాఠీ ఎత్తాడు.

పెద్దమ్మ చేతికి కింద పడున్న లాఠీ తగిలింది. వంకర చెయ్యే, కానీ రెండు చేతులా పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి గున్న మోకాలి మీద కొట్టింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ ఒకరిని కొట్టడం అదే మొదలు. మోకాలిచిప్ప పగిలిన చప్పుడు ఆవిడకి బాగా తెలిసిన చప్పుడు. గున్న పెద్దగా అరిచి కూలబడ్డాడు. మైదానమంతా ఒక్కసారి ఆగిపోయింది.

డ్రిల్లు మాస్టారు బతికాడు. కుడికన్ను పోయింది.

మూడో రోజు మేనేజరు ఆస్పత్రికి అరటిపళ్ళు పట్టుకుని వచ్చాడు. పెద్దమ్మ దవడకి కట్టు, మాట్లాడటం కష్టం. మా అమ్మ పక్కనే కూర్చుని ఉంది.

"అందరితో మాట్లాడానమ్మా. ఆయన మెట్ల మీంచి జారిపడ్డాడని పోలీసులకి చెబుదాం. ఆయనా ఒప్పుకున్నాడు, బెల్టు సంగతి బయటికి రాదు కాబట్టి. కుర్రాళ్ళు బయటపడతారు. మీ ఉద్యోగం మీకుంటుంది. అందరికీ మంచిదే."

పెద్దమ్మ లేచి కూర్చుంది. పళ్ళు లేని నోటితో మెల్లిగా అంది. "జారిపడటం మా ఇంట్లో ఒకసారి అయిందండీ. మళ్ళీ వద్దు. మీరు వెళ్ళిరండి."

ఆయన వెళ్ళాక అమ్మకి కోపం వచ్చింది. "అక్కా, వాళ్ళు కొట్టింది నీ కోసం. నువ్వు నిజం చెబితే జైలుకి పోతారు. పాపం తగలదా నీకు?"

"తగుల్తుంది."

"మరి?"

"ఆ కన్ను ఎలా పోయిందో ఎవరూ చెప్పకపోతే, అది ఊరికే పోయినట్టే కదే. నీ చెవిలాగా."



కోర్టులో పెద్దమ్మ అంతా చెప్పింది. బెల్టు గురించి, వీపుల గురించి, లాఠీల గురించి. తను కొట్టిన దెబ్బ గురించి ఎవరూ అడక్కుండానే చెప్పింది. కన్ను పోయినాయన కూడా కొన్ని నెలలు లోపలికి వెళ్ళాడు. కుర్రాళ్ళలో కొందరికి తక్కువ, గున్నకి అందరికంటే ఎక్కువ శిక్ష పడింది. తీర్పయ్యాక కోర్టు మెట్ల దగ్గర గున్న వాళ్ళమ్మ కాచుకుని ఉంది. చెప్పు తీసుకుని పెద్దమ్మ మొహం మీద కొట్టింది. ఒకసారి కాదు, చెయ్యి నొప్పి పుట్టేదాకా.

"నీ కోసం కొట్టాడే నా కొడుకు! నీకు దెబ్బ తగిలిందని కొట్టాడే! వాణ్ణి కుంటివాణ్ణి చేసి, జైల్లో కూడా పెట్టించావా?"

అమ్మ అడ్డం వెళ్ళబోతే పెద్దమ్మ చేత్తో ఆపింది. ఆ తల్లి అలిసిపోయి అక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. పెద్దమ్మ కొంచెం దూరంలో, తనూ కూర్చుంది.

కంపెనీ ఉద్యోగం పోయింది. ఆ తర్వాత పెద్దమ్మ జైల్లో చదువు చెప్పడానికి అనుమతి అడిగింది. చాలాకాలం తిప్పించుకుని ఇచ్చారు. పొడుగాటి గది, పైన కమ్మీల కిటికీలు, తలుపు దగ్గర జైలు కాపలావాడు. గున్న మొదట్లో రాలేదు. వచ్చినవాళ్ళు వాడికి వెళ్ళి చెప్పేవారు, పంతులమ్మ లాగు పద్యం తప్ప అన్నీ పాడుతోందని. అది ఆవిడ మళ్ళీ పాడలేదు.

వానాకాలం మొదట్లో ఒకరోజు వాడు కుంటుకుంటూ వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నాడు. క్లాసయ్యేదాకా తల ఎత్తలేదు. అందరూ వెళ్ళాక, లేవకుండానే, గోడ వంక చూస్తూ అన్నాడు.

"నేనూ ఒకటి కట్టాను. వింటారా?"

"చెప్పు నాయనా."

*'సీ'తో సెల్లు నా గది, నల్లులున్న గది,*
*ఎస్సుతో సెల్లు అమ్మడం, ఎవరైనా కొంటారా మరి?*

పెద్దమ్మ నవ్వింది. నవ్వి, టీచరు కదా, ఊరుకోలేక "రెండో పాదం కుంటుతోందిరా" అంది. అన్నాక ఏమన్నదో తెలిసి నాలుక కరుచుకుంది.

గున్న తన కాలివంక చూసుకున్నాడు. "కుంటదా మరి, కొట్టింది ఎవరు?" అన్నాడు. వాడి మొహంలో నవ్వుందో కోపముందో పెద్దమ్మకి తెలియలేదు. రెండూ ఉన్నాయేమో. ఆ తర్వాత మాత్రం వాడు ఏ క్లాసూ మానలేదు.

బయటికొచ్చాక గున్న లారీల అడ్డాలో సరుకు ఎక్కించే మనుషులకి మేస్త్రీ అయ్యాడు. పెళ్ళయింది. వాళ్ళమ్మ ఇప్పటికీ పెద్దమ్మతో మాట్లాడదు, ఎదురుపడితే రోడ్డు దాటి అవతలివైపు వెళ్ళిపోతుంది. పెద్దమ్మ దాన్ని తప్పుపట్టదు.

పెట్టుడు పళ్ళతో, వంకర చేత్తో ఆవిడ ఇంకా జైలుకి వెళ్తూనే ఉంది. కిందటి నెల క్లాసు మధ్యలో ఇద్దరు కలబడి ఒకడి నుదురు పగిలింది. కాపలావాడు ఈల ఊది లాఠీ తీశాడు. పెద్దమ్మ వాడి చెయ్యి పట్టుకుని ఆపింది, నుదురు పగిలినవాడికి తన చీరకొంగు చింపి కట్టింది, కొట్టినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంది. ఇద్దరికీ ఊపిరి మామూలయ్యేదాకా ఆగి, నల్లబల్ల మీద కొండెక్కే అక్షరాలతో తర్వాతి జంట రాసింది.